రోలర్ ఎక్కిన చేను

చెనిక్కాయ చేను పచ్చగా ఉండాల్సిన కాలంలో పసుప్పచ్చగా ఉంటే ఆ ఇంట్లో ఎవరికీ బువ్వ దిగదు. తహసీన్ ఇంట్లో కొన్నాళ్ళుగా సంగటి ముద్దలు సగం సగం మిగిలిపోతున్నాయి. మిగిలిన సంగటి పాలిచ్చే ఎనుముకు వేస్తే అది మాత్రం కళ్ళు మూసుకుని తింటోంది. ఆ ఇంట్లో దిగుల్లేని ప్రాణం అదొక్కటే.

తహసీన్ మొగుడు షాహుల్ కువైట్లో పద్నాలుగేళ్ళు రోడ్ల మీద రోలర్ నడిపాడు. రెండేళ్ళకోసారి వచ్చి, ఇంట్లోవాళ్ళకు అలవాటయ్యేలోపే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేవాడు. కిందటి చలికాలంలో ఇంక చాలనుకుని వచ్చేశాడు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దోవ పక్కన వాళ్ళకు మూడెకరాల చేను ఉంది. ఇన్నాళ్ళూ కౌలుకు ఇచ్చిన ఆ చేను ఈసారి తనే చేస్తానన్నాడు. వచ్చిన రోజే ఇంకో మాట కూడా అనేశాడు.

"ఒక పంట చూస్తా తహసీన్. పండితే ఈడనే ఉంటా. పండకపోతే మళ్ళా కువైటుకు పోవాల్సిందే."

ఒక్క పంటతో నేలకు పరీక్ష పెట్టడం ఏం న్యాయమో ఎవరూ అడగలేదు. గల్ఫులో బతికొచ్చిన మగవాళ్ళకు అన్నీ నెల జీతం లెక్కే. మొదటి నెల జీతం రాకపోతే ఆ కంపెనీ మంచిది కాదని తేల్చేస్తారు. తహసీన్ అప్పుడు తల ఊపి ఊరుకుంది. పంట పండకపోవడం ఏముంది, కౌలుకు చేసినవాళ్ళకు పండలేదా అనుకుంది.

అప్పటికింకా ఆమెకు మొగుడు ఇంట్లో ఉండటమంటే ఏమిటో తెలియదు. తెలిశాక వదులుకోవడం కష్టమైంది. పొద్దున్నే పెరట్లో మనిషి పళ్ళు తోముకుంటూ దగ్గే చప్పుడు ఆమెకు ఇష్టమైపోయింది. కూతురు నౌషీన్ ప్రొద్దుటూరులో ఇంటర్ చదువుతోంది. ఫోన్లో ఇన్నాళ్ళూ "బాగున్నా అబ్బా, నువ్వు తిన్న్యావా" అనడం తప్ప తండ్రితో మాట్లాడటం ఎరగని పిల్ల, ఇప్పుడు బస్సు దాటిపోయిందనీ, సెల్లు కొనివ్వలేదనీ రోజూ అతనితో పోట్లాడుతోంది. ఆ పోట్లాట వింటూ తహసీన్ వంటింట్లో మురిసిపోయేది. ఫోన్లో మర్యాదగా ఉండొచ్చు గానీ పోట్లాడాలంటే మనిషి ఎదురుగా ఉండాలి కదా.

అలాంటి ఇంట్లోకి ఇప్పుడు పసుపు రంగు వచ్చి కూర్చుంది.

విత్తనం వేసి నెలన్నర దాటింది. పూత బాగానే పూసింది. చెనిక్కాయ అంటే వేరుశనగ. దాని పుట్టుకే ఒక వింత, పువ్వు పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. పువ్వు రాలాక దాని కింది నుంచి ఊడ ఒకటి బయలుదేరి, వంగి, మట్టిలోకి దిగి, అక్కడ కాయగా మారుతుంది. షాహుల్ చేన్లో ఊడలు బయలుదేరాయి గానీ కిందికి దిగే దారి దొరకలేదు. నీళ్ళు పెడితే మరునాటి దాకా సాళ్ళల్లోనే నిలబడుతున్నాయి. ఆ నీళ్ళు ఆరాక పైన మన్ను అట్ట కడుతోంది. ఊడలు ఆ అట్టను తాకి, కొనలు నల్లబడి ఎండిపోతున్నాయి. ఇంకో రెండు రోజులు నీళ్ళు ఆలస్యమైతే చెట్లన్నీ వాడిపోతున్నాయి. నీళ్ళున్నా చెట్టు పసుపెక్కుతోంది, లేకున్నా తలవాలుస్తోంది. ఏం చేస్తే బతుకుతుందో తెలియని పంట అది.

ఊళ్ళో అందరికీ మాత్రం తెలుసు. ఎండాకాలంలో షాహుల్ బోరు ఇంకా లోతుకు దింపించాడు. "అంత లోతు నీళ్ళు ఉప్పెక్కింటాయి. నేల చౌడు పడింది" అని టీ బంకు దగ్గర తేల్చేశారు. చౌడు అంటే ఉప్పుతేలిన నేల. చౌడు పడిన చేను మళ్ళీ మంచి చేను కావాలంటే ఏళ్ళు పడుతుంది. ఇంకొకాయన ఇంకొంచెం ముందుకుపోయి, "కువైటు చెయ్యప్పా అది, డీజలు వాసన తప్ప మన్ను వాసన తెలీదు" అన్నాడు. అందరూ నవ్వారు. షాహుల్ కూడా నవ్వి, ఇంటికొచ్చి సంగటి సగం వదిలేశాడు.

చేనంతా అలా ఉంటే, చుట్టూ కంప పక్కన మాత్రం రెండు బారల వెడల్పున పంట పచ్చదనం ముదిరి నల్లగా, గుబురుగా ఉంది. కంప అంటే చేను చుట్టూ వేసిన ముళ్ళ దడి. "మేకలు కంప పక్కన ఒరుసుకుంటా పోతాయి గదా, ఆ ఎరువు బలం" అన్నాడు షాహుల్. తహసీన్‌కు ఆ మాట రుచించలేదు. ఆ ఊళ్ళో మేకలు అంత పద్ధతిగా చేను చుట్టూ తిరిగి ఎరువు వేసిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఇంతలో కువైట్ నుంచి ఫరూఖ్ ఫోన్ చేశాడు. అక్కడ షాహుల్‌తో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు. కొత్త రోడ్డు పని మొదలవుతోందట. పాత కంపెనీవాళ్ళే షాహుల్‌ను పేరు పెట్టి అడుగుతున్నారట. "శుక్రవారం లోపల మాట చెప్పు భాయ్. మళ్ళా వీసా దొరకదు." షాహుల్ ఫోన్ పెట్టేసి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తహసీన్ ఏమీ అడగలేదు. అడిగితే చెప్తాడని భయం.

ఇక్కడ ఊరి తిరునాళ్ళ సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు.

ఆ ఊళ్ళో చెన్నకేశవుడి తిరునాళ్ళకు ఎద్దులతో బండలాగుడు పందెం పెడతారు. ఎద్దుల జత పెద్ద రాతిబండను ఎంత దూరం లాగితే అంత గొప్ప. పులివెందుల నుంచీ, ఖాజీపేట నుంచీ ఎద్దులు లారీల్లో వస్తాయి. ఎప్పుడూ పందెం జరిగే మైదానంలో ఈ మధ్య ఇళ్ళు లేచాయి. అందుకని ఈ ఏడు, ఇంకా విత్తనం వేయకముందే, గుడి పూజారి బాలసుబ్బయ్య తన మోపెడ్ మీద షాహుల్ ఇంటికి వచ్చాడు.

"అప్పా షాహుల్, నీ చేను బీడుగానే ఉండాది గదా. ఒక్క రోజుకు సామి పనికి ఇయ్యి."

"నువ్వు అడిగినాక లేదంటానా సామీ" అన్నాడు షాహుల్. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ ఊరి చివర రోడ్డు వేస్తున్న కంట్రాక్టరు తాలూకు రోలర్ ఒకటి ఊరికే నిలబడి ఉంది. అది చూశాక షాహుల్ చేతులు ఊరుకోలేదు. అడిగి తెచ్చాడు. పందెం బాట చదును చేసి ఇస్తానన్నాడు.

మొగుడు పని చేయడం తహసీన్ చూసింది ఆ రోజే మొదటిసారి. ఇన్నాళ్ళూ కువైట్లో ఏం చేస్తాడో చెప్పగా వినడమే. ట్యాంకరుతో నీళ్ళు చల్లించి, మన్ను గుప్పెట్లో పట్టి పిసికి చూశాడు. "ముద్ద కావాల, చెయ్యి తడి కాకూడదు. అప్పుడే పట్టు పడతాది" అని చుట్టూ చేరినవాళ్ళకు చెప్పాడు. తర్వాత రోలర్ ఎక్కాడు. ఒక వరస తొక్కించి, దాని మీద సగం కలిసేలా ఇంకో వరస. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ రోలర్. బాట అయ్యాక, జనం నిలబడే చోట దుమ్ము లేవకూడదని అటుపక్కా ఇటుపక్కా కూడా తొక్కించాడు. "సాలప్పా" అని బాలసుబ్బయ్యే అన్నాడు. "సగం సగం పని నాకు చేతగాదు సామీ" అని షాహుల్ చేనంతా తొక్కించి గానీ దిగలేదు. కంప దగ్గరికి మాత్రం పోలేదు, ముళ్ళు గీసుకుని రోలర్ రంగు పోతుందని.

పందెం నాడు ఎద్దుల వాళ్ళల్లో ఆ నేలను చూసి మెచ్చుకోని మనిషి లేడు. బండ నీళ్ళ మీద పడవలా జారింది. బాలసుబ్బయ్య షాహుల్‌కు శాలువా కప్పాడు. తహసీన్ ఆడవాళ్ళ మధ్య నిలబడి, ముఖం మీద కొంగు అడ్డం పెట్టుకుని మరీ సంతోషపడింది.

వానలు పడ్డాక ట్రాక్టరుకు రోటవేటరు కట్టి దున్నించాడు. పై మన్నంతా గోధుమ పిండిలా అయింది. అందులో విత్తనం వేశాడు. తిరునాళ్ళను అందరూ మరిచిపోయారు.

*

బుధవారం నాడు రైతు సేవా కేంద్రం నుంచి మైత్రేయి వచ్చింది. ఊరి పంటలు చూసే ఉద్యోగం ఆ అమ్మాయిది, కొత్తగా చేరింది. చేను చుట్టూ తిరిగి, ఆకు తెంపి చూసి, నిజాయితీగా చెప్పింది.

"నేను చూసి చౌడు అని చెప్పలేను అక్కా, కాదనీ చెప్పలేను. చౌడైతే పైన తెల్లగా పూత రావాల. అది యాడా కనపళ్ళేదు. మన్ను పరీక్షకు పంపిద్దాం. కంప పక్కన ఒక చోట, నడిమధ్యన ఒక చోట గుంత తీసి, పైమన్ను వేరే, అడుగు లోతు మన్ను వేరే సంచుల్లో పెట్టండి. బోరు నీళ్ళు చూసే మిషను ఆఫీసులో ఉండాది. శుక్రవారం పొద్దున తెస్తా."

"ఎందుకు మేడమ్ అంత శ్రమ" అన్నాడు షాహుల్. "అందరూ చెప్పేదే గదా. ఈ నేల నాకు అచ్చిరాలేదు."

"అందరూ చెప్తే ఉప్పయితాదా అన్నా" అంది మైత్రేయి మెల్లగా. షాహుల్ బోరు దగ్గరికి నడిచాడు. తహసీన్ సంచులు తీసుకుంది.

గురువారం షాహుల్ ఫోటోలు తీయించుకోవడానికి ప్రొద్దుటూరు పోయాడు. ఏం ఫోటోలో అతను చెప్పలేదు. తెల్లచొక్కా వేసుకుని పోతున్న మనిషిని చూస్తే అవి వీసాకేనని చెప్పాల్సిన అవసరం లేదు. బస్సు కదిలేదాకా నిలబడి, తహసీన్ గడ్డపార భుజాన వేసుకుని చేనికి పోయింది. ఏడుపు వస్తోంది. కోపం కూడా వస్తోంది. ఆ రెండూ కలిసి వచ్చినప్పుడు ఆడది గుంత తవ్వడం మంచి పనే.

మొదట కంప పక్కన వేసింది. గడ్డపార మెత్తగా దిగింది. ఇంకోసారి వేస్తే ఇంకా దిగింది. మన్ను తీసి సంచులు నింపి, పనిలో పనిగా ఒక చెట్టు పీకింది. తల్లివేరు సన్నగా, నిటారుగా, మూరెడు పొడవుంది. కింద తెల్లటి ఊడల కొనలకు పిందెలు వేలాడుతున్నాయి.

తర్వాత నడిమధ్యకు పోయి గడ్డపార వేసింది. నాలుగు వేళ్ళ లోతు పిండిలా దిగింది. ఆపైన ఠంగుమని ఎగిరింది. చేతులు జివ్వుమన్నాయి. బండేమోనని పక్కకు జరిగి వేసింది. అక్కడా ఠంగుమంది. ఇంకా పక్కకు జరిగింది. చేను పొడవునా అలా వేసుకుంటూ పోయింది. ఎక్కడ వేసినా నాలుగు వేళ్ళు దిగడం, ఠంగుమనడం. ఒక చెట్టు పీకి చూస్తే, తల్లివేరు నాలుగు వేళ్ళు దిగి, అక్కడి నుంచి మోచెయ్యి మడిచినట్టు పక్కకు తిరిగి, అడ్డంగా పాకింది. పక్క చెట్టూ అంతే. ఆ పక్క చెట్టూ అంతే.

తహసీన్ రెండు చెట్లూ ఒళ్ళో పెట్టుకుని గెనిమ గట్టు మీద కూర్చుంది. ఒకటి నిలువు వేరు, ఒకటి అడ్డ వేరు. ఉప్పు వేరును చంపుతుందేమో గానీ ఇలా పద్ధతిగా మడిచిపెట్టదు కదా అనుకుంది. కారణం ఏమిటో ఆమెకు తెలియదు. కానీ చాలా రోజుల తర్వాత మొదటిసారి గుండెలో ఒక చిన్న ముడి వదులైంది.

అప్పుడే దోవన పోతున్న బాలసుబ్బయ్య మోపెడ్ ఆపాడు.

"ఏం తహసీనమ్మా, ఎండలో గుంతలు తవ్వుతాండావు?"

"సామీ, మా చేన్లో కింద బండ ఉండాదా?"

"బండ యాడిదమ్మా? మా నాయన కాలం నుంచి చూస్తాండా. ఈ చేన్లో మడక దించితే మోకాల్లోతు పోయేది."

"అయితే ఇప్పుడెందుకు పోదు?"

బాలసుబ్బయ్య పంచె ఎగ్గట్టి, గడ్డపార అందుకుని, తనూ ఒక పోటు వేశాడు. ఠంగుమంది. ఆయన చేతులు విదిలించుకుని, దేవుడి మీద భారం వేసే ముఖం పెట్టి నిలబడ్డాడు. దానివల్ల తెలిసిందేమీ లేదు గానీ ఆయన పోకుండా అక్కడే ఉండిపోయాడు. అది మంచిదైంది, జరగబోయేదానికి ఒక సాక్షి ఉండాలి కదా.

షాహుల్ మధ్యాహ్నం బస్సు దిగి, తెల్లచొక్కాతోనే చేనికి వచ్చాడు. జేబులో ఫోటోల కవరు కనబడుతోంది. తహసీన్ దాని వైపు చూడలేదు. గడ్డపార చేతికిచ్చింది.

"ఈడ పొడుచు" అంది.

"ఎందుకు?"

"పొడుచు, చెప్తా."

షాహుల్ విసుగ్గా ఎత్తి వేశాడు. ఠంగుమంది. అతను అలాగే ఆగిపోయాడు. మళ్ళీ వేశాడు, ఈసారి మెల్లగా, చెవి పక్కకు వంచి. మూడోసారి వేసి, గడ్డపార పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో పైమన్ను పక్కకు తోశాడు. కింద నేల నున్నగా, గట్టిగా, పలకల్లాగా కనబడింది. అరచేత్తో దాన్ని రుద్దాడు.

ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. కువైట్లో రోలర్ తొక్కించిన వెనకాలే ఇన్‌స్పెక్టరు వచ్చి ఇనుప కడ్డీతో పొడిచి చూసేవాడు. కడ్డీ దిగితే మళ్ళీ తొక్కించమనేవాడు. దిగకుండా ఠంగుమంటే చెయ్యూపి ముందుకు పొమ్మనేవాడు. ఆ ఠంగుమనే చప్పుడు కోసమే షాహుల్ అన్నేళ్ళు ఎండలో మాడాడు.

"ఇది చౌడు కాదు" అన్నాడు.

"మరేంది?"

"ఇది నేను."

తహసీన్‌కు అర్థం కాలేదు. ఎండ దెబ్బ తగిలిందేమోనని భయపడింది. షాహుల్ తలెత్తి బాలసుబ్బయ్య వైపు చూశాడు.

"సామీ, తిరునాళ్ళకు నేను రోలర్ యాడి నుంచి యాడ దాకా తొక్కించినా?"

"చేనంతా తొక్కించినావు గదప్పా. సాలంటే వినకపోతివి." ఆ మాట నోట్లో ఉండగానే పూజారికి విషయం తట్టింది.

"కంప దగ్గరికి మాత్రం పోలేదు" అంది తహసీన్. "రంగు పోతాదని పోలేదు."

ముగ్గురూ ఒకేసారి కంప వైపు చూశారు. నల్లగా, గుబురుగా ఉన్న పంట అక్కడ చేను చుట్టూ అంచు కట్టినట్టు ఉంది. మూలల్లో ఆ పచ్చదనం ఇంకా వెడల్పుగా, వంపు తిరిగి ఉంది. రోలర్ మూలలో తిరిగేటప్పుడు ఎక్కడెక్కడ ఒంపు తీసుకుందో అక్కడికల్లా పసుపు ఆగిపోయింది. అన్ని రోజులు అదే చేను చుట్టూ తిరిగిన మనుషులు ఒక్కరూ దాన్ని చూడలేదు. మేకలను మాత్రం చూశారు.

షాహుల్ నవ్వడం మొదలుపెట్టాడు. మొదట గొంతులోనే నవ్వాడు. తర్వాత కూర్చున్న చోటే వెనక్కి వాలి, తెల్లచొక్కా మన్నులో పడి పాడైపోయినా పట్టించుకోకుండా నవ్వాడు. అంతమంది ఎద్దుల వాళ్ళు మెచ్చుకున్నది, పూజారి శాలువా కప్పింది, ఇన్ని రోజులు నిద్ర లేకుండా చేసింది, అంతా ఒకే పని. రోటవేటరు నాలుగు వేళ్ళు గీకిపోయింది, దాని కింద అడుగు మందాన రోడ్డు రోడ్డులాగే ఉంది. నీళ్ళు దిగవు, అందుకని పైన నిలబడతాయి. వేరు దిగదు, అందుకని నాలుగు వేళ్ళ మన్నులో ఉన్న తేమ అయిపోగానే చెట్టు వాలిపోతుంది.

"రోడ్డు మీద చెనిక్కాయ ఏసినా తహసీన్" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "అదీ కువైటు రోడ్డు. ఇరవై ఏండ్ల గ్యారంటీ."

"సగం పని చేతగాదంట ఈ మనిషికి" అంది తహసీన్. తిట్టడానికి మొదలుపెట్టింది గానీ తిట్టు మధ్యలోనే నవ్వయిపోయింది. "కంప గూడా తీసి తొక్కించకపోతివా, ఇంకా బాగుండు."

బాలసుబ్బయ్య ఒక్కడే నవ్వలేదు. "అంటే మా తిరునాళ్ళే మీ నోటికాడి కూడు తీసిందా అప్పా. సామి పనని నేనే గదా వచ్చి అడిగింది."

"నువ్వు నేల అడిగినావు సామీ, రోడ్డు అడగలేదు" అన్నాడు షాహుల్ ఆయన చెయ్యి పట్టుకుని. "నాకు శానా సంతోషంగా ఉండాది. నీకు తెలీదు. నేల చచ్చిపోయిందనుకున్నా. చావలేదు, మూసుకుపోయింది. మూసింది నేనే, ఎట్ల తెరవాలో గూడా నాకు తెలుసు."

పొద్దు వాలేదాకా షాహుల్ గడ్డపారతో చేనంతా తిరిగాడు. పొడవడం, వినడం, ఇంకో నాలుగు అడుగులు పోవడం. గట్టి నేల ఆగిపోయిన చోటల్లా ఒక రాయి పెట్టాడు. తహసీన్ వెనకాలే రాళ్ళు ఏరి ఇస్తూ తిరిగింది. అతని నడక మారిపోయిందని ఆమె గమనించింది. ఇన్ని రోజులు ఆ చేన్లో దొంగలాగా నడిచాడు. ఇప్పుడు పని మీద వచ్చిన మనిషిలాగా నడుస్తున్నాడు.

అయినా ఇంటికి పోయేటప్పుడు ఒక మాట అన్నాడు. "బోరు నీళ్ళు ఉప్పో కాదో గూడా తేలనీ. రెండూ ఉంటే మాత్రం కష్టమే." తహసీన్‌కు ఆ మాటతో నవ్వు సగం దిగిపోయింది. ఫోటోల కవరు ఇంకా జేబులోనే ఉంది.

*

శుక్రవారం పొద్దున మైత్రేయి పెన్ను లాంటి మిషను తెచ్చింది. బోరు నీళ్ళు గ్లాసులో పట్టి, మిషను ముంచి, అంకె నిలబడేదాకా చూసింది. షాహుల్ జుమ్మా నమాజుకు ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడ్డాడు. నౌషీన్ కాలేజీ బస్సు దాటిపోతుందని తెలిసీ కదలలేదు. తహసీన్ కంటికి ఆ అంకె ఆనలేదు, ఆనినా దాని అర్థం తెలియదు. అందుకని మైత్రేయి ముఖాన్నే చూస్తూ నిలబడింది. ఆ ముఖం విచ్చుకున్నది చూసి ఆమెకు ముందే తెలిసిపోయింది.

"మంచి నీళ్ళక్కా ఇవి. తాగొచ్చు. ఉప్పు లేదు, ఏం లేదు."

తహసీన్ ఆ గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. మైత్రేయి నవ్వింది. షాహుల్ గుంతలు చూపించాడు, వంగిన వేర్లు చూపించాడు. ఆ అమ్మాయి వేరును వేలితో తడిమి, "అదే అన్నా, కింద గట్టి పొర. ట్రాక్టర్లు తిరిగితే గూడా వస్తాది, మీది రోలరు గదా, ఇంకా గట్టిగా వచ్చింది" అంది. తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక పనివాడూ ఇంకో పనివాడూ మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. ఇప్పుడున్న పంటకు నీళ్ళు ఒకేసారి నిండుగా పెట్టకుండా కొంచెం కొంచెంగా, తొందర తొందరగా పెట్టాలి. సాళ్ళ మధ్య అట్టను మెత్తగా గీకి, ఆ మన్ను చెట్ల మొదళ్ళకు ఎగదోస్తే, ఇంకా దిగాల్సిన ఊడలకు దారి దొరుకుతుంది. పూర్తి పంట రాదు. సగమైనా చేతికొస్తుంది.

"కాయ పీకినాక లోతు దుక్కి దున్నాల" అంది మైత్రేయి. "గోరులాంటి నాగలి ఉంటాది, మోకాల్లోతు దిగుతాది."

"పులివెందుల దిక్కు చీనీకాయల తోటలోళ్ళ దగ్గర ఉండాది" అన్నాడు షాహుల్. "ఎద్దులు తెచ్చినాయన నంబరు సామి దగ్గర ఉంటాది, ఆయన్నే అడుగుతా. కానీ నేల ఎండినాక దున్నాల మేడమ్. తడి మీద బిగించినాము, ఎండ మీద పగలాల. తడి మీద దున్నితే మళ్ళా అతుక్కుంటాది."

"అవునన్నా. దున్నినాక ఒక కారు కందో ఆముదమో ఏస్తే వాటి వేర్లు లోతుకు పోయి మిగిలింది అవే చూసుకుంటాయి. ఆ పైన మళ్ళా చెనిక్కాయ."

తహసీన్ వాళ్ళ మాటలు వింటూ మనసులో లెక్క వేసుకుంది. ఈ పంట అయ్యాక దుక్కి. దుక్కి అయ్యాక కంది. కంది అయ్యాక మళ్ళీ చెనిక్కాయ. రోలర్ పాడు చేసిన చేను బాగుపడటానికి చాలా కాలం పట్టేట్టుంది. ఎవరైనా ఆ లెక్క విని దిగులుపడతారు. ఆమె మాత్రం ఇంకా ఎక్కువ కాలం పడితే బాగుండునని అనుకుంది.

మైత్రేయి మన్ను సంచులు తీసుకుని బండెక్కి పోయింది. నౌషీన్ బస్సు దాటిపోయిందని తండ్రి మీద ఎగిరి, అతను మోటారు సైకిల్ మీద దింపుతానంటే, "నమాజుకు లేటయితాది, నేనే ఆటోలో పోతాలే" అని వీధి చివరకు పరుగెత్తింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

షాహుల్ అరుగు మీద కూర్చుని ఫోన్ తీశాడు. తహసీన్ చాటలో బియ్యం పోసుకుని గడప దగ్గర కూర్చుంది. రాళ్ళు ఏరుతున్నట్టు వేళ్ళు కదుపుతోంది గానీ చెవులు ఫోన్ మీదే ఉన్నాయి. అవతల ఫరూఖ్ గొంతు వినపడింది. వీసా అన్నాడు, టికెట్టు అన్నాడు, కంపెనీవాళ్ళు అడుగుతున్నారన్నాడు. షాహుల్ అంతా విన్నాడు.

"నేను రాలేను ఫరూఖ్" అన్నాడు. "చేన్లో పనుంది. శానా రోజుల పని. ఈసారి రాలేను."

పద్నాలుగేళ్ళు, దాదాపు ప్రతి రంజానుకూ, ఆ మాట ఫోన్లో విన్నది తహసీనే. 'ఈసారి రాలేను' అని అవతల అతను అనడం, ఇవతల తను సరేలే అని, వినపడకుండా ఫోన్ పక్కకు పెట్టి ముక్కు తుడుచుకోవడం. ఈ పొద్దు అతను అదే మాట ఇంకొకరికి చెప్తుంటే ఆమె పక్కనే కూర్చుని వింది. ఫరూఖ్ ఏమన్నాడో ఆమెకు వినపడలేదు. చాట పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఈ రోజు బువ్వ కొంచెం ఎక్కువ వండాలనుకుని లోపలికి పోయింది.